కలశంలో క్లోరిన్ బిళ్ల

శ్రావణమాసం రెండో శుక్రవారం, ఉదయం ఏడున్నర. గడియారం చూడడం, అక్షరాలు కూడబలుక్కోవడం ఒక్కసారే నేర్చుకున్నాను, అదీ అరవై దాటాక. అందుకని గంట రాయకుండా ఏదీ మొదలుపెట్టలేను.

ఆ వేళకి మా లంకలో వరద దిగిపోయి ఒండ్రు మిగిలింది. వీధి కుళాయి మోటారు బురదలో కూరుకుపోయింది. మరుగుదొడ్ల గుంటలన్నీ పొంగి గోదారిలో కలిశాయి. కులం, గోత్రం చూసుకోకుండా అన్నిళ్ల సరుకూ ఒకటైపోయింది. మా ఊళ్లో అంత ఐకమత్యం నేనెప్పుడూ చూడలేదు.

తాగడానికి పడవ మీద నీళ్ల టిన్నులు వస్తున్నాయి. కానీ మా తోడికోడలికి వరలక్ష్మీ వ్రతానికి టిన్ను నీళ్లు పనికిరావు. ఆవిడ నాకంటే పెద్దది, అక్కా అంటాను. కలశంలో గోదారి నీళ్లే పొయ్యాలి, వాటినే తీర్థంగా ఇవ్వాలి. ముందు రోజు రేవులోంచి ఎర్రనీళ్లు తెచ్చి చిల్లగింజ అరగదీసి కలిపింది. తెల్లారేసరికి మట్టంతా అడుక్కి దిగింది. పైనున్న తేట వేరే బిందెలోకి వంచింది.

“చూడవే, కొబ్బరినీళ్లలా ఎలా తేరాయో!”

“మట్టి దిగిందక్కా. మిగతాది కంటికి కనపడదుగా.”

మొదటి తీర్థం ఆవిడ మనవరాలికి. పురిటికి పుట్టింటికొచ్చింది, ఎనిమిదో నెల. వరదలో ఒకసారి విరేచనాలు పట్టుకుని, దొడ్డి పనికిరాక, నిండు పొట్టతో గట్టు మీదికి పరిగెత్తి పరిగెత్తి కళ్లు లోపలికి పోయాయి. మళ్లీ పట్టుకుంటే తల్లికీ బిడ్డకీ ప్రమాదమని ఆశా వర్కరు గట్టిగా చెప్పి, క్లోరిన్ బిళ్లలు ఇచ్చి వెళ్లింది. వాటిని మా అక్క పసుపు డబ్బా వెనక దాచింది.

నేను ఒకటి తీసి, పొట్లం మీదున్నది చదువుకుని, బిందెలో వేశాను.

“ఏం పడేశావే అందులో?”

“మందు.”

“అమ్మవారికి మందేంటే, నీ మొహం!”

“అమ్మవారికి కాదులే. ఊళ్లో దొడ్లన్నీ తిరిగొచ్చిన నీళ్లకి.”

“ఛీ ఛీ, పీటల ముందు ఆ మాటలేంటే! గోదారమ్మకి మైలుంటుందా?”

“ఆవిడకి లేదు, మనకుంది. అంతా తీసుకెళ్లి ఆవిడ నెత్తిన పోశాం.”

ఆ నీళ్లు పారబోసి మళ్లీ రేవుకెళతానని బిందె ఎత్తింది. అప్పుడు మనవరాలు గోడ పట్టుకుని గదిలోంచి వచ్చింది.

“మామ్మా, ఆ మందు నీళ్లయితేనే నాకు తీర్థం ఇవ్వు. లేకపోతే నాకొద్దు.”

వ్రతం నాడు ఇంట్లో నిండు చూలాలు తీర్థం కాదనడం కంటే అశుభం మా అక్క లెక్కలో ఇంకోటి లేదు. బిందె దింపింది.

“ఎంతసేపుండాలే?”

“అరగంట.”

“దుర్ముహూర్తం వచ్చేస్తుందే!”

“రానీ. దానికీ ఓ ఉద్ధరిణెడు పోద్దాం.”

అరగంటా గడియారం కిందే నిలబడింది. తర్వాత మందు వాసన చావాలని ఏలకులు దంచి కలిపింది. వాసన చావలేదు సరికదా, ఆసుపత్రిలో గుడి కట్టినట్టు తయారైంది. పూజయ్యాక మనవరాలు చెయ్యి చాపి తాగి, ఇంకోసారి పట్టింది. మా అక్క అందరి తర్వాత, కళ్లు మూసుకుని తాగింది. అమ్మవారు ఏమీ అనలేదు.

మధ్యాహ్నం వాయనానికొచ్చిన ఆశా వర్కరుతో మా అక్క అంటోంది: “ముందు చిల్లగింజ, తర్వాత బిళ్లండి. మా ఇంట్లో ఇదే ఆనవాయితీ.”

ఆ అమ్మాయి నా వంక చూసి, “అలాగే చెయ్యాలండి,” అంది.

మనవరాలు మళ్లీ గట్టు మీదికి పరిగెత్తలేదు. నెలలు నిండాకే పడవెక్కింది, పురుడు పోసుకోవడానికి.

ఆ రోజు ఉన్నవాళ్లం: మా అక్క, నేను, పులిహోర వంకతో వంటింట్లోనే ఉండిపోయిన అక్క కోడలు, మనవరాలు, ముక్కు మూసుకుని తీర్థం పుచ్చుకున్న పక్కింటి అత్తాకోడళ్లు, ఆశా వర్కరు, కడుపులో బిడ్డ, కలశం మీద అమ్మవారు.