తలుపు కింద నుంచి నీళ్లొచ్చిన రోజు

మా చిన్నప్పుడు... మే నెల రాగానే చర్చిలో వీబీఎస్ మొదలయ్యేది. సెలవుల్లో పిల్లలకి పాటలు, బైబిలు కథలు, కాగితంతో పడవలు చేయడం నేర్పేవాళ్లు. రేపల్లె దాటి సముద్రం వైపు వెళ్తే మా ఊరు. ఏ ఇంటి పిల్లలైనా సరే... పొద్దున్నే అక్కడికే పరుగు.

నేర్పేది మా బడి టీచరు, మరియమ్మ గారు. అంతకుముందు వచ్చిన ఉప్పెనలో ఆవిడ చెల్లెలు కొట్టుకుపోయిందని ఊళ్లో అందరికీ తెలుసు.

నేను నాలుగో తరగతి పాసైన ఏడాది అది. ఆ రోజు మేం వెళ్లేసరికే ఆకాశం నల్లగా ఉంది. కాసేపటికి గాలి లేచింది... చర్చి మీది పెంకులు ఎగిరిపోవడం మొదలైంది. పాస్టరు గారి చిన్న గదికి ఒక్కదానికే శ్లాబు. టీచరు మమ్మల్నందర్నీ అందులోకి తోసి తలుపేసింది.

"అక్కా... మరి అమ్మ?" అన్నాడు తమ్ముడు చంటి.

నాన్న పసుపు పనికి దుగ్గిరాల వెళ్లాడు. కాలువ గట్టు మీద పాకలో అమ్మ ఒక్కతే ఉంది. వాణ్ణి దగ్గరికి లాక్కున్నాను.

"ఇంటికెళ్లిపోతామండీ టీచర్" అంటూ పెద్ద పిల్లలు లేచారు. ఆవిడ తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ఒక్కళ్లు కదిలారంటే ఊరుకోను. మీ అమ్మలొచ్చేదాకా నా దగ్గరే. చేతులెత్తండి... పాడండి... గెంతండి!"

ఏడుస్తూనే గెంతాం. ఏడుస్తూనే పాడాం. గాలి హోరులో మా పాట మాకే వినపడలేదు.

అప్పుడు తలుపు కింద నుంచి నీళ్లు వచ్చాయి.

"ఉప్పెనా అండీ?" అని అడిగాను. టీచరు వంగి, వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. అందరం ఆవిడ మొహం వంకే చూశాం.

"ఉప్పగా లేదర్రా. వాన నీళ్లే. ఊఁ... ఎక్కాలు చెప్పండి!"

మోకాళ్ల దాకా నీళ్లు. చిన్నవాళ్లని బల్ల మీదికి ఎక్కించి, వచ్చిన ఎక్కాలన్నీ అరిచాం.

సాయంత్రం గాలి తగ్గాక ఎవరో తలుపు బాదారు. పక్కింటి బాబాయి చెయ్యి పట్టుకుని అమ్మ... ఒళ్లంతా బురద.

"నా పిల్లలు ఉన్నారా టీచరమ్మా?"

"ఉన్నారమ్మా... ఇద్దరూ ఉన్నారు."

పిల్లలందర్నీ అప్పజెప్పాక, టీచరు ఆ నీళ్లలోనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. మా పాక పోయింది. బస్సుల్లేక భట్టిప్రోలు నుంచి నడిచొచ్చిన నాన్న, మమ్మల్ని చూసి గట్టు మీదే కూర్చుండిపోయాడు.

ఇప్పుడు మా అమ్మాయిని తెనాలిలో సమ్మర్ క్యాంపుకి పంపుతున్నాను. డాన్సు, చెస్, కంప్యూటరు... అన్నీ బాగానే నేర్పుతున్నారు. కానీ మే నెలలో గాలి కాస్త గట్టిగా వీచిందంటే చాలు, నేను బండి తీసుకుని గేటు ముందుంటాను. ఎంత మంచివాళ్లయినా సరే... పిల్లని ఒకరి చేతిలో పెట్టి నిశ్చింతగా ఉండటం నాకు చేతకావడం లేదు.

అప్పట్లో మా అమ్మలకి ఆ నిశ్చింత ఉండేది... మీ ఊళ్లో అలాంటి టీచరు ఎవరండీ? చెప్పరూ...