చల్లపల్లిలో పడని మార్నింగ్ షో

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోయడమంటే పెద్దమాటేలెండి. నిజంగా బరువైతే ఎప్పుడో దించేవాణ్ణి. పంటిసందులో ఇరుక్కున్న పీచులా ఉంది. దానితోనే తింటున్నాను, దానితోనే నవ్వుతున్నాను. మీకెందుకు చెబుతున్నానంటే, మీకు నేనెవరో తెలియదు. తెలిసినవాళ్ళకు చెప్పే దమ్ము నాకు లేదు.

విజయవాడలో నాకో సినిమా పంపిణీ ఆఫీసు ఉంది. వన్ టౌన్‌లో బట్టలకొట్టు గుమాస్తాగా మొదలై ఎవరి అండా లేకుండా పైకొచ్చాననీ, పెద్దవాళ్ళు తాకని చిన్న సినిమాలకు నేనే దిక్కనీ సభల్లో పొగుడుతుంటారు. శాలువాలు కప్పుతారు. కప్పేవాళ్ళలో ఒక్కడూ ఆ సినిమాల్లో ఒక్కటీ చూసి ఉండడు. నేనూ తక్కువవాణ్ణి కాను, వాళ్ళ ముందు నవ్వుతూ మెడ వంచుతాను.

వీరభద్రం గారు చల్లపల్లి దగ్గర మగ్గం నేసే మనిషి. తన పేట గురించి, ఆ పేటవాళ్ళనే పెట్టి సినిమా తీశారు. భార్యే నాయిక. చల్లపల్లిలో ఒక్క మార్నింగ్ షో ఇప్పించమని నా దగ్గరకొచ్చారు. ఇప్పించాను. ఇప్పుడు రీలుడబ్బాలు లేవు కదా. సినిమా థియేటర్ సర్వర్లోకి ముందే ఎక్కుతుంది, కానీ ఆ డిజిటల్ కంపెనీ మెయిల్లో పంపే కీ, అంటే తాళం లాంటి కోడ్, పెడితేనే తెరమీద పడుతుంది. కంపెనీకి కాగితాలు పంపే పని ఆయన బావమరిది సుబ్బారావుది. కీ వచ్చేది నాకు.

ముందురోజు ఒక పెద్ద నిర్మాత మనిషి ఫోన్ చేశాడు. తమ హీరో సినిమాకు ఆ ఆట కూడా కావాలన్నాడు. వచ్చే సినిమాకు కృష్ణా జిల్లా హక్కుల సంగతి మాటవరసకన్నట్టు అన్నాడు. బెదిరించలేదు. నన్ను బెదిరించాల్సిన పనేముంది? ఎంగిలి విస్తరి చూపిస్తే చాలు. సరేనన్నాను. పోనీ, మీ ఆట తీసేశానని వీరభద్రం గారికి మొహంమీద చెప్పొచ్చుగా? చెబితే చిన్న సినిమాల దిక్కన్న పేరు పోతుంది. నాకు రెండూ కావాలి.

కీ ఉదయం ఎనిమిదింటికి వచ్చింది. ఫోన్ జేబులో పెట్టుకుని ఇడ్లీ తిన్నాను.

పదిన్నరకు చల్లపల్లి థియేటర్ ముందు ట్రాక్టర్లలో, ఆటోల్లో పేట పేటంతా దిగింది. ఆయన భార్య తాము నేసిన కొత్త చీర కట్టుకుని, గేటు దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళందర్నీ పెళ్ళిలో పలకరించినట్టు పలకరిస్తోంది. ఆయన నన్ను పక్కకు తీసుకెళ్ళారు.

"కీ వచ్చిందాండీ?"

"రాలేదండీ. మీ వైపు నుంచి కాగితాలు సరిగ్గా వెళ్ళలేదట."

"మా సుబ్బారావు పంపానన్నాడే."

"అన్నాడేమోనండీ. అక్కడ అందలేదంటున్నారు మరి."

సర్వర్ పాడైందంటే సరిపోయేది కదా? ఆపరేటర్ కాదంటే దొరికిపోతాను. సుబ్బారావైతే నా మాట ముందు నిలబడలేడు. ఆ కాసేపట్లోనే ఇంత ఆలోచించిన బుర్ర నాది. అతను అందరిముందూ పిల్లలమీద ఒట్టేశాడు. ఎవరూ నమ్మలేదు. అతని అక్క, వీరభద్రం గారి భార్య, వెళ్ళి ట్రాక్టరెక్కింది. లోపల హీరోగారి సినిమా మొదలైంది.

హక్కులిచ్చారా అంటారా? ఇచ్చారు. హక్కులిచ్చిన ఆ చెత్త సినిమాను మూడోరోజుకే థియేటర్లవాళ్ళు ఎత్తేశారు.

బావా బావమరుదుల ఇళ్ళకు మధ్య ఒకటే గోడ. ఒకరి మగ్గం చప్పుడు ఇంకొకరికి వినిపిస్తుంది. తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. ఆవిడ తమ్ముడి గడప తొక్కదు.

పోయిన నెల వీరభద్రం గారు మళ్ళీ వచ్చారు. రెండో సినిమా తీశారట. కాగితాల కట్ట నా బల్లమీద పెట్టి, "ఈసారి ఇవి కూడా మీరే పంపండి. మావాణ్ణి నమ్మి ఒకసారి చెడ్డాను," అన్నారు.

రెండు చేతులా తీసుకున్నాను.

ఈ రాసింది ఆయనకు పంపుతానా? పంపను. నా సంగతి నాకు తెలియదా? కీ వచ్చిన ఆ మెయిల్ మాత్రం ఇప్పటికీ చెరపలేదు. సుబ్బారావు కాగితాలు సరిగ్గానే పంపాడు. కీ ఎనిమిదింటికే వచ్చింది. ఈ రెండు ముక్కలూ ఎక్కడైనా రాయడం ఇదే మొదలు. ఈ పూటకు కాస్త ఊపిరాడుతోంది.