ఓడిన పిచ్చర్‌కి ఒక్క ఓటు

బాబాయి దేన్నీ బావుందని ఒప్పుకోడు. పొద్దున్నే పిన్ని కాఫీ ఇచ్చి ఎదురుగా నిలబడుతుంది. ఒక గుక్క తాగి, "ఒక్కరోజు కాఫీతో ఏం చెప్పగలం? ఇంకో నాలుగు రోజులు చూడనీ" అంటాడు.

"ముప్ఫై ఒక్కేళ్ళుగా చూస్తూనే ఉన్నారు!" అని పిన్ని గ్లాసు లాక్కుంటుంది.

ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలోనూ ఇదే వరస. కొత్త జోడు పెట్టుకుని "బావున్నానాండీ?" అని మురిసిపోయే కస్టమర్లని, "దేనితో పోలిస్తే?" అని అడుగుతాడు. సగంమంది పక్కవీధి దుకాణానికి పోయారు.

ఈ గుణం పూర్తిగా వికసించింది మాత్రం బేస్‌బాల్ లీగులో. ఎనిమిదిమంది మిత్రులు, ఎనిమిది జట్లు, ఆడేది కంప్యూటరు. ఆటగాళ్ళు అందులోనే పుట్టి, ఆడి, రిటైరవుతారు. వాళ్ళలో గొప్పవాళ్ళకి కీర్తిమందిరంలో చోటు. దానికి ఆరు రహస్య ఓట్లు కావాలి. సొంత ఆటగాడికి ఓటు వెయ్యకూడదు. ఒక్క ఓటూ రాకపోతే ఆ ఏడాదితోనే పేరు కొట్టేస్తారు, పదేళ్ళు నిండినా అంతే.

ఆ మిత్రుల్లో ఒకడైన బస్సు డ్రైవరు జట్టులో ఒక ఎడమచేతి పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు, ఉండేవాడు. గెలిచినవి నూటనలభై ఎనిమిది, ఓడినవి నూటఅరవై మూడు. డ్రైవరుకి వాడంటే ప్రాణం.

"ఓటములే ఎక్కువున్నవాడికి మందిరమేమిటయ్యా? గుమ్మం దగ్గర చెప్పులు చూసుకోమను!" అనేవాడు బాబాయి.

"మావాడు బానే విసిరాడన్నా!"

"బానే అంటే ఎంత? అంకె చెప్పు."

డ్రైవరు మొహం వేలాడేసుకుని వెళ్ళి, మళ్ళీ వారం కొత్త అంకెతో వచ్చేవాడు. బాబాయి దాన్నీ చీల్చి చెండాడేవాడు. తొమ్మిదేళ్ళు ఇలాగే గడిచాయి. ఏటా ఆ పిచ్చర్‌కి సరిగ్గా ఒక్క ఓటు వచ్చేది. ఎవరిదో ఎవరికీ తెలియదు.

పదో ఏడు, ఆఖరి అవకాశం. డ్రైవరు లేచి నిలబడ్డాడు. "ఓడిన ఆటలన్నీ ఒక్కొక్కటే తిరగేశాను. తొంభై ఒక్క ఆటల్లో మావాళ్ళు ఒక్క పరుగు కూడా తియ్యలేదు. వాడేం చేస్తాడు చెప్పండి?"

మిగతావాళ్ళు ఓటు చీటీలు అందుకున్నారు. బాబాయి మాత్రం "ఊఁ" అన్నాడు.

బయటివాళ్ళే ఓట్లు లెక్కపెట్టాలి. ఏటా పిన్ని చేసే ఆ పని ఈసారి బాబాయి అన్నకూతురి మీద పడింది. వంటింటి బల్ల మీద ఆమె చీటీలు విప్పింది. పిచ్చర్‌కి ఆరు ఓట్లు! అయిదింట్లో ఉత్త టిక్కులు. ఆరోదాంట్లో పేరు పక్కన వాడిచ్చిన పరుగుల సగటు, కింద మూడు కారణాలు, అట్టడుగున చిన్న పట్టిక. రహస్య ఓటుకి రుజువులు జతచేసే మనిషి భూమ్మీద ఒక్కడే ఉన్నాడు.

"పిన్నీ, ఇది..."

"పదేళ్ళుగా చూస్తున్నాలేవే. గట్టిగా అనకు" అంది పిన్ని.

అన్నకూతురు ఉండబట్టలేక బాబాయిని పక్కకి లాగింది. "మరి అన్నేళ్ళు డ్రైవరుగారిని ఎందుకు ఏడిపించావు?"

"నేను సరేనంటే అంకెలు వెతకడం మానేసేవాడు. నా ఒక్కడి ఓటుతో ఏమవుతుంది? మిగతా అయిదుగురికి నచ్చచెప్పాల్సింది వాడే కదా."

ఫలితం తెలిసి, అవతల గదిలోంచి డ్రైవరు కళ్ళు తుడుచుకుంటూ వచ్చి బాబాయి చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు వెయ్యలేదని తెలుసులే అన్నా. అయినా నీ తిట్ల వల్లే ఇంత నేర్చుకున్నాను. నీ మేలు మర్చిపోను."

"ఇంకా కొన్నేళ్ళు చూడాల్సింది" అన్నాడు బాబాయి, చెయ్యి మాత్రం వదిలించుకోకుండా.

డ్రైవరు బస్సు ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు. ఇప్పుడు వారానికి మూడు రోజులు బాబాయి కళ్ళజోళ్ళ దుకాణం ఆయనే తెరుస్తున్నాడు.