పీచు తాడు, నా నడుం

స్వరాజ్యం వచ్చిన ఏడు కాలవ రేవులో జారిపడ్డాను. ఏడాదైనా నడుంనొప్పి పోలేదు. మంచం దిగొద్దన్నారు వైద్యుడుగారు. పడుకున్నకొద్దీ నడుం కర్రలా బిగుసుకుపోయింది.

ఒకరోజు ఒళ్లు మండి లేచాను. పెరట్లో అత్తగారు కొబ్బరితాడు పేనే రాట్నం తిప్పిస్తున్నారు. పీచు ఒళ్లో కట్టుకుని, కొస రాట్నానికి తగిలించి, దాన్ని కొద్దికొద్దిగా వదులుతూ వెనక్కి నడవాలి. ఆ పని నేనందుకున్నాను. మొదటిరోజు పది అడుగులే. అడుగడుక్కీ ఊపిరి నెమ్మదిగా వదిలాను.

"పడిపోతావమ్మా!" అని అత్తగారు కేకలేశారు.

"పడితే లేస్తానండి."

కోతలనాటికి పెరడు చివరిదాకా నడిచేదాన్ని. వైద్యుడుగారు చూసి, "నొప్పి పోయిందామ్మా?" అన్నారు.

"లేదండి. మంచంలో దానికి నేను ఊడిగం చేశాను. ఇప్పుడది నాతోపాటు తాడు పేనుతోందండి."