చొప్పమిషను మూత

పొద్దున వర్కుషాపుకు నడిచి పోయేటప్పుడు యేసురత్నం చూపు ఎప్పుడూ రోడ్డు మీదే ఉండేది. లారీల నుంచి రాలిన నట్టో బోల్టో కనబడితే వంగి తీసుకుని, చొక్కా అంచుతో తుడిచి జేబులో వేసుకునేవాడు. నంద్యాలలో అతను తలెత్తి నడవగా చూసినవాళ్ళు తక్కువ.

దేవరాజు వర్కుషాపులో జొన్నచొప్ప నరికే మిషన్లు చేసేవారు. చక్రం తిప్పితే చొప్ప రోలర్ల మధ్య నుంచి పోయి కత్తుల కింద ముక్కలవుతుంది. 1976లో దాని కొత్త నమూనా గీసింది యేసురత్నమే. రోలర్ల లోపలికి చెయ్యి పోకుండా ముందు ఒక ఇనుప మూత ఉండాలి. దాన్ని వెల్డింగు చేసేయమన్నాడు దేవరాజు. చెడితే మిషను మళ్ళీ మన గడపకే వస్తుందన్నది ఆయన ఆలోచన. యేసురత్నం ఒప్పుకోలేదు. చొప్ప ఇరుక్కుంటే రైతు తనే విప్పుకోవాలి, అరిగిందాన్ని ఊరి కమ్మరి బాగుచేయాలి, మంచి ఇనుము ఊరికే తుక్కులోకి పోకూడదు. పట్టుబట్టి మూతకు చేత్తో తిప్పే రెండు నట్లు పెట్టించాడు. మొదటి మిషను ఆళ్లగడ్డలో ఉన్న అక్క సారమ్మకు ఇచ్చాడు. మొగుడు పోయాక ఆమె రెండు ఎనుముల పాల మీదే బతుకుతోంది.

మరుసటి ఎండాకాలం అక్కను చూడబోయాడు. ఆమె జొన్నరొట్టె కాలుస్తోంది. రొట్టె కింద ఉన్నది మిషను మూత.

"ఏందక్కా ఇది?"

"పాత పెనం పగిలె. ఇది బలే కాల్తాదిరా. చొప్ప కోసేటప్పుడు మళ్ళా బిగిస్తాలే."

యేసురత్నం నవ్వాడు. ఊరిమిండి పచ్చడి వేసుకుని రెండు రొట్టెలు తిన్నాడు. ఒకే రేకు రెండు పనులకు వస్తోందని లోలోపల మురిసిపోయాడు. నంద్యాల వచ్చి వర్కుషాపులో అందరికీ చెప్పుకున్నాడు కూడా.

ఆ వానాకాలం రోలర్లు సారమ్మ కుడిచేతిని లాక్కున్నాయి. నాలుగు వేళ్ళు పోయాయి. మూత అప్పుడు పొయ్యి మీదే ఉంది.

ఆసుపత్రిలో తమ్ముడు మంచం పక్కన కూర్చున్నాడు.

"నువ్వు నవ్వి రొట్టె తింటివి కదరా," అంది సారమ్మ. "చేసినోడే ఏమీ అనలే, లేకున్నా ఏం కాదేమో అనుకుంటి."

తప్పు పట్టినట్టు కాదు, జరిగింది చెప్పినట్టే చెప్పింది.

మరునాడు దేవరాజు చెప్పాల్సిన పని లేకుండానే, వర్కుషాపులో ఉన్న మిషన్లన్నిటికీ మూతలు యేసురత్నమే వెల్డింగు చేశాడు.

కొన్నేళ్ళకు గడివేముల రైతు నారాయణ ఆ మిషన్లలో ఒకదాన్ని బండి మీద వేసుకొచ్చాడు. చొప్ప ఇరుక్కుని రోలర్లు కదలడం లేదు. మిగతాదంతా కొత్తగానే ఉంది.

"అన్నా, ముందర మిషన్లకు నట్లు ఉండె కదా. దీనికీ అట్లే చేసియ్యి."

యేసురత్నం సరేనని గ్యాస్ కట్టర్ చేతిలోకి తీసుకున్నాడు. తీసుకుని ఆగాడు.

"మీ ఇంట్లో రొట్టెలు ఎవరు కాలుస్తారప్పా?"

"ఇంకెవరు, మా ఇంటిది." ఇదేం ప్రశ్న అన్నట్టు నవ్వాడు నారాయణ.

యేసురత్నం కట్టర్ కింద పెట్టేశాడు. ఆ మిషను తుక్కుకు పోయింది. దాని వెనక ఇంకా చాలా పోయాయి. దేవరాజు కొత్తవి అమ్ముకున్నాడు. 1983లో యేసురత్నం పని మానేశాడు. మళ్ళీ ఏ నమూనా గీయలేదు.

ఇప్పుడు ఆళ్లగడ్డలో అక్క దగ్గరే ఉంటున్నాడు. రాళ్ళు చెక్కే శిల్పుల ఉలులకు పదును పెడతాడు.