ఏమీ తెలియని పిన్ని

మా పిన్నికి ఏమీ తెలియదు. తెలియకపోవడాన్ని ఆమె సంగీతంలా సాధన చేసింది. థైరాయిడ్ రక్తపరీక్ష దగ్గరపడితే చాలు, ఆ అజ్ఞానం వెన్నెలలా ఇల్లంతా పరుచుకునేది.

పిన్నీ బాబాయీ ఇద్దరూ థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళే. ఆమెది పదేళ్ళ అనుభవం, ఆయనది ఆరు నెలల గర్వం. కిందటిసారి ఆయన వారాల తరబడి మాత్రలు ఎగ్గొట్టి, పరీక్షకి ముందు గబగబా మింగి వెళ్ళారు. ఆ రిపోర్టు చూసి డాక్టరు తల పట్టుకున్నారు. ఈసారీ అలాగే జరిగితే, రెండు మెట్లెక్కితే ఆయాసపడే మనిషికి తప్పు మోతాదు పడుతుంది. కానీ ఆయనకి చెప్పేదెవరు? ఆయన డ్రైవింగ్ నేర్పే గురువు. ఎదుటివాళ్ళ తప్పు కనబడితే కుర్చీలో కూర్చున్నా ఆయన కాలు బ్రేకు వెతుక్కుంటుంది.

పరీక్ష ఇంకా వారం ఉందనగా పిన్ని మొదలుపెట్టింది.

"ఏవండీ, ఆ రోజు పొద్దున్నే రెండు మాత్రలు వేసుకుని వెళ్తే రిపోర్టు బాగా వస్తుందేమో?"

"నీ తెలివి తగలెయ్య. అవేమన్నా మార్కులా? ముందు రక్తం ఇవ్వాలి, ఆ తర్వాతే మాత్ర."

"పోనీ, జుట్టు కోసం వేసుకునే బయోటిన్ మాత్ర?"

"రిపోర్టుని తప్పుదారి పట్టించేదే అది. రెండు మూడు రోజుల ముందే ఆపమని డాక్టరు మొత్తుకోలా?" అంటూ, మిగిలిన నాలుగు వెంట్రుకల కోసం తాను వాడుతున్న సీసాని కూడా బాబాయి అలమరలో వెనక్కి నెట్టేశారు.

"మధ్యలో కొన్నాళ్ళు మాత్ర మర్చిపోయాను. అది చెప్పక్కర్లేదుగా?"

"చెప్పి తీరాలి. దాస్తే మోతాదెలా తేలుతుంది?"

పరీక్ష రోజు నేనూ వాళ్ళ వెంట వెళ్ళాను. ల్యాబులో వివరాలు రాసుకుంటున్న అమ్మాయి ముందు బాబాయినే అడిగింది, "రోజూ వేసుకుంటున్నారా అంకుల్?"

పిన్ని బుద్ధిమంతురాలైన శిష్యురాలిలా ఆయన మొహంలోకే చూస్తోంది. బాబాయి గొంతు సవరించుకున్నారు. "అంటే... మధ్యలో కొన్నాళ్ళు మానేశాను. రాసుకోమ్మా."

ఆయన లోపలికి వెళ్ళాక అడిగాను. "పదేళ్ళయినా నీకివి తెలియవా పిన్నీ?"

"మీ బాబాయికి ఎవరు చెప్పినా ఎక్కదురా," అంది పిన్ని చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ. "ఆయన చెప్తే మాత్రం ఆయనకి ఎక్కుతుంది."

మోచేతి దగ్గర దూది నొక్కుకుంటూ బాబాయి బయటికొచ్చారు. పిన్ని సంచిలోంచి ఆయన మాత్ర తీసి అమాయకంగా చూసింది. "ఇప్పుడిది కాఫీతో మింగొచ్చాండీ?"

"ఖర్మ," అంటూ బాబాయి ఆ మాత్ర లాక్కుని నోట్లో వేసుకుని, మంచినీళ్ళు గటగటా తాగి చూపించారు.

పిన్ని శ్రద్ధగా చూసి నేర్చుకుంది.