పిడిగుద్దు తాగిన గ్లాసెడు నీళ్ళు

నీళ్ళ శాఖలో ఇరవై ఏళ్ళుగా ఫిట్టరుగా ఉన్న ఆయన్ని అందరూ పిడిగుద్దు అనే పిలిచేవారు. మాట కంటే ముందు చెయ్యి లేస్తుంది మరి. బిగుసుకుపోయిన వాల్వుని తన్నేవాడు, ఎదురు చెప్పిన మనిషిని కొట్టేవాడు. పైపు అతికాక నీళ్ళు మంచివో కావో పరీక్షలతో తేల్చడం ఆయనకు నామోషీ. దోసెడు పట్టి, పుక్కిలించి చెప్పేసేవాడు. ఆ నాలుక చూసుకుని ఆయనకు అంత పొగరు.

ఆ సాయంత్రం కూతురుండే వీధిలో పగిలిన పైపు అతికారు. తోడు పనిచేసే బావమరిది, అతుకు పక్కనే మురుగు ఊరుతోంది, ఇప్పుడే నీళ్ళు వదలొద్దన్నాడు. అంతే, చెంప పగిలింది. పెదవి చిట్లి నెత్తురు చొక్కా మీదికి కారింది. తన నాలుకకే వంకలు పెడతావా అంటూ పిడిగుద్దు అతుకు దగ్గరి నీళ్ళే గ్లాసు నిండా పట్టి గటగటా తాగి, వీధికి నీళ్ళు వదిలే వాల్వు తిప్పేసి ఇంటిదారి పట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం ఎవరో రెంచీ పెట్టి పేగులు మెలితిప్పినట్టయింది. వాంతి ముక్కులోంచి కూడా తన్నుకొచ్చింది. దొడ్డి తలుపు చేరేలోపే బట్టలు పాడయ్యాయి. పదిసార్లయ్యాక బయటికొచ్చేది వట్టి నీళ్ళే. పిక్కలు పట్టేసి గావుకేకలు పెట్టాడు. పొద్దు వాలేసరికి కళ్ళు గుంటలు పడ్డాయి, నాలుక అట్టకట్టింది, మూత్రం ఆగిపోయింది. ఎవరినీ లెక్కచేయని మనిషిని సొంత కడుపే చితకబాదింది.

అప్పుడు గుర్తొచ్చాడు మూడేళ్ళ మనవడు. వాడు తాగేదీ ఆ వీధి నీళ్ళే. తననే ఇలా పిండేస్తే పసివాడిలో ఏం మిగులుతుంది? వాల్వు కట్టేద్దామని మంచం దిగబోయి బోర్లా పడ్డాడు, నుదురు చిట్లింది.

లేవదీసింది బావమరిదే. వాచిన పెదవితోనే, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు చెంచాతో పోస్తున్నాడు.

"వాల్వు కట్టెయ్యరా. పిల్లాడు..."

"నిన్న నువ్వు మలుపు తిరగ్గానే కట్టేశాను బావా. తాగింది నువ్వొక్కడివే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"రెండో చెంపైనా మిగుల్చుకుందామని."

పిడిగుద్దు చెయ్యెత్తాడు. బావమరిది చటుక్కున తల పక్కకు తిప్పుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆ చెయ్యి లేచింది వాడి పెదవి తడమడానికి. వాడు బెదిరిన తీరు చూసి పిడిగుద్దు వెక్కి వెక్కి ఏడ్చాడు. కన్నీళ్ళు మాత్రం రాలేదు, ఒంట్లో నీళ్ళుంటే కదా.